పక్కలోని నల్లి: కనిపెట్టుట, కనిపెట్టియుండుట

(కనిగిరి ప్రాంత గ్రామపంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



పంచాయతీ యనగానే మంచినీరు, మురుగుకాలువ, వీధిదీపము, బాట మొదట జ్ఞప్తికి వచ్చును. కనిగిరి ప్రాంతమున ఆ పట్టికలో మంచినీటిదే అగ్రస్థానము. భూగర్భజలములోని ఫ్లోరైడు వలన పండ్లు గారపట్టిన పిల్లలను, నడుము వంగిన పెద్దలను ఎరిగిన సీమ యిది. ఇట్టి చోట నల్లిని గూర్చి ఒక ప్రసంగమా యని మీలో కొందరికి నవ్వు రావచ్చును.

అయినను మూడు సంగతులు ఆలోచింపుడు. పగలెల్ల పొలములో వంగి పనిచేసిన మనిషికి రాత్రి నిద్ర లేకున్న మరునాటి కూలి చెడును. రాత్రి యెల్ల గోకుకొనుచు గడపిన పిల్లవానికి ఉదయమున బడిలో పాఠము తలకెక్కదు. ఈ రెండును చిన్నవే యనుకొన్నను మూడవది చిన్నది కాదు. నల్లిబాధ నోర్వలేక, పత్తికో మిరపకో పొగాకుకో కొట్టగా మిగిలిన మందును మంచముమీద చల్లి, ఆ రాత్రి ఆ మంచముమీదనే పిల్లలను పరుండబెట్టు వారున్నారు. నల్లికాటు వలన ప్రాణము పోదు. నల్లికై చల్లిన విషము వలన పోవచ్చును.

కావున మేము నేడు చెప్పదలచినది ఒక్కటే. నల్లిని ముందు కనిపెట్టవలెను, పిదప కనిపెట్టియుండవలెను. కనిపెట్టుట యనగా దాగియున్నదానిని కన్నులార చూచుట. కనిపెట్టియుండుట యనగా చూపు మరల్పక కాచుకొనుట. మందు మాట ఈ రెంటికి తరువాతిది. ఈ రెండు పనులను పట్టణమునుండి ఎవరో వచ్చి చేయరు. చేతిలో ఒక దీపము, ఒక పుస్తకము గల గ్రామస్థులే చేయవలెను.

నల్లి స్వభావము

మనుష్యరక్తముపై బ్రతుకు నల్లులలో ముఖ్యమైనవి రెండు జాతులు. ఒకదానికి 1758లో స్వీడను దేశపు లిన్నేయసు శాస్త్రనామము నిడెను. అది చలిదేశములలో ఎక్కువ. రెండవదానికి 1803లో డెన్మార్కు దేశపు ఫాబ్రీషియసు నామకరణము చేసెను. అది ఉష్ణదేశముల నల్లి. మన దక్షిణాదిలో సాధారణముగా కానవచ్చునది ఈ రెండవదే. ఈ భేదము పండితులకు గాని మనకేల యందురేమో. దీని అవసరము కొంతసేపటిలో తెలియగలదు.

పెరిగిన నల్లి నువ్వుగింజకు పెద్దది, కందిబద్దకు చిన్నది. ఒళ్లు బల్లపరుపుగా, ఇటుకరంగుతో నుండును. రక్తము త్రాగిన పిమ్మట ఉబ్బి, ముదురెరుపు రంగు పొందును. దానికి ఆరు కాళ్లున్నవి గాని ఎగురుటకు రెక్కలు లేవు. గంతులు వేయుటయు దానికి రాదు. నడచియే రావలెను, లేదా మన సామానులలో కూర్చుండి రావలెను. దాని పిల్ల గుండుసూది తలకాయంత, ఎండుగడ్డి రంగున, పారదర్శకముగా నుండును. గ్రుడ్డు తెల్లని బియ్యపు నూకవలె ఒక మిల్లీమీటరు పొడవుండి, కొయ్యకో బట్టకో జిగురుతో అంటుకొనియుండును.

ఆడునల్లి దినమునకు కొన్ని చొప్పున, తన జీవితకాలమున రెండువందలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. వెచ్చని యింటిలో అవి ఆరు మొదలు పది దినములలో పొదుగబడును. పిల్ల పెరిగి పెద్దదగుటకు ఐదుమారులు కుబుసము విడువవలెను. ప్రతి కుబుసమునకు ముందు కడుపునిండ రక్తము త్రాగవలెను. ఆహారము, వేడిమి చాలినంతగా నున్నచో ఇదంతయు ఐదారు వారములలో ముగియును. ఆహారము దొరకనప్పుడు పెద్ద నల్లి నెలల తరబడి ఉపవాసముండి బ్రతుకగలదు. తాళమువేసి కూలికి పోయిన ఇంటిలో నల్లులు వాటియంతట అవియే చచ్చియుండునని తలచుట అందువలన సరికాదు.

పగలు సందులలో నుండును. రాత్రి, అందును తెల్లవారుజామునకు ముందు, మన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని, ఒంటి వెచ్చదనమును పసికట్టి వచ్చును. ఐదు పది నిమిషములు త్రాగి మరల సందు చేరును. అది మన ఒంటిమీద కాపురముండు పురుగు కాదు. కాబట్టి వెదకవలసినది ఒంటిమీద కాదు, పక్కలోను, పక్క చుట్టును.

నింద ఒకరిది, నేరము వేరొకరిది

పంచతంత్రమున మందవిసర్పిణి యను పేను, అగ్నిముఖుడను నల్లి కథ మీరెరిగినదే. రాజుగారి పాన్పులో ఓపికతో కాలము గడపుచున్న పేనుకడకు నల్లి అతిథిగా వచ్చెను. రాజు నిద్రించువరకు ఆగక కుట్టెను. రాజు త్రుళ్లిపడి లేవగా సేవకులు వెదకిరి. కుట్టిన నల్లి మంచపు సందులో దూరి బ్రతికెను. బట్టమడతలోని పేను చిక్కి చచ్చెను. వెదకుట యెట్లుండరాదో ఈ కథ తెలుపుచున్నది. సేవకులు బట్టను చూచిరి. మంచపు సందును చూడలేదు.

మనమును ఇట్టి పొరపాటే చేయుచుందుము. ఒంటిమీద దద్దురు కానవచ్చినంతనే నల్లి యనుకొందుము. దోమకాటునకు దద్దురు లేచును, గజ్జికి లేచును, ఒంటికి సరిపడని తిండికిని లేచును. ఇటు నల్లి కుట్టినను కొందరి ఒంటిమీద ఏ గురుతును ఉండదు. మరికొందరికి కొన్ని దినములు గడచిన పిదపగాని దద్దురు లేవదు. ఒకే మంచముమీద పరున్న భార్యాభర్తలలో ఒకరికి దద్దురులుండి, మరియొకరికి లేకుండవచ్చును. కాబట్టి దద్దురు అనుమానమునకు కారణము కావచ్చును గాని సాక్ష్యము కాదు. వాసన మాటయు అంతియే. నల్లులు మిక్కుటముగా నున్న ఇంటిలో పచ్చికొత్తిమీరవంటి ఘాటు తగులును. కాని అది తగులునప్పటికే కాలము మించియుండును.

శాస్త్రజ్ఞులు సైతము నల్లిమీద తొందరపడి నేరము మోపిన సందర్భము గలదు. కనిగిరి నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో నున్న కాలమున, 1907లో, మదరాసులో పనిచేయుచున్న పాటన్ అను వైద్యుడు కాలా అజారు రోగక్రిమి నల్లి కడుపులో పెరుగుటను చూచి, ఆ జ్వరమును వ్యాపింపజేయునది నల్లియే యని భావించెను. పరిశోధన సాగి, 1942 నాటికి ఆ జ్వరము ఇసుక ఈగ కాటువలన సోకునని ప్రయోగపూర్వకముగా తేలెను. నల్లి ఏ వ్యాధినైనను ఇంటింట మనుష్యులకు అంటించుచున్నదని నేటివరకు రుజువు కాలేదు. దురద, గోకుటవలన చీముపట్టు పుండ్లు, నిద్రలేమి, మితిమీరినచోట రక్తహీనత – దాని వలన కలుగు కీడు ఇది. ఇది చాలును, లేని రోగములు అంటగట్టి జనులను బెదరింప నక్కరలేదు.

చూడక నమ్ముట గొప్ప నగరములకును తప్పలేదు. 2023లో ఫ్రాన్సు రాజధాని పారిసులో నల్లుల భయము పుట్టి, రైళ్లలో నల్లులున్నవని వార్తలు అల్లుకొనెను. ఆ సంవత్సరము అక్టోబరులో ఆ దేశపు రవాణామంత్రి, జాతీయ రైళ్లనుండి వచ్చిన 37 ఫిర్యాదులను, నగర రైళ్లనుండి వచ్చిన పది వరకు ఫిర్యాదులను పరిశీలింపగా ఒక్కటియు రుజువు కాలేదని ప్రకటించెను. ఆ నగరమున ఇండ్లలో నల్లులు లేవని దీని అర్థము కాదు; ఉన్నచోటు వేరు, చెప్పుకొన్నచోటు వేరు అని మాత్రమే.

కనిపెట్టుట

ఇక చూచు విధానము. కావలసిన పనిముట్లు ఐదు: చేతిదీపము, తెల్లని గుడ్డ, పాత కార్డుముక్క గాని చీపురుపుల్ల గాని, పెన్సిలు, పుస్తకము. చూచువారు ఇద్దరుండవలెను. ఇంటిలోని స్త్రీల అనుమతి పొంది, వారి సమక్షమున, వీలైనచో ఒక స్త్రీ సభ్యురాలిచేతనే చూపింపవలెను. ఒకరి పడకను పరులు తడవుట ఎంత సున్నితమైన పనియో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

మొదట పక్కబట్టలు. దుప్పటిని ఉన్నచోటనే దులుపరాదు. దులిపినచో నల్లులు గదియంతట చెదరును. మెల్లగా నాలుగు మూలలు లోపలికి మడిచి, వెలుపలికి తీసికొనిపోయి తెల్లగుడ్డమీద విప్పవలెను. బొంతల కుట్లవెంట, దిండు మూలల మడతలలో, పరుపు అంచుకుట్టు క్రింద కార్డుముక్కను జార్చుచు పోవలెను. చాపయైనచో అంచునకు కుట్టిన గుడ్డపట్టీని, మడతపడు చోట్లను చూడవలెను.

పిదప మంచము. నులకమంచమున కోడును పట్టెయు కలియు బెజ్జములే నల్లుల కోట. నులక పట్టెను చుట్టుకొన్నచోట పొరల నడుమ చూడుడు. నవారుమంచమున నవారు మడతలు చూడుడు. ఇనుపమంచమున గొట్టము చివరలను, అతుకులను, మరలు బిగించిన చోట్లను చూడుడు. వసతిగృహములలో బాలబాలికలు పరుండు ఇనుపమంచములలో ఇవియే ముఖ్యము.

ఆపైన మంచము చుట్టును రెండు మూడు గజముల మేర. గోడ పగుళ్లు, మేకుబెజ్జములు, పటముల వెనుకభాగము, పంచాంగపు అట్ట, పెట్టె అడుగు, కుర్చీ సందులు, తలుపు చట్రము. నల్లులు ముదిరిన ఇంటిలో పైకప్పు వాసములును చూడవలెను.

చూడవలసిన గురుతులు నాలుగు. ఒకటి, ప్రాణముతోనున్న నల్లి. రెండు, గ్రుడ్లు. మూడు, కుబుసములు, ఇవి నల్లి ఆకారమునే కలిగి, లోపల డొల్లగా, ఎండుటాకు రంగున నుండును. నాలుగు, నల్లని చుక్కలు. ఇది నల్లి మలము. జీర్ణమైన రక్తము కనుక సిరా చుక్కవలె గుడ్డలోనికి ఇంకియుండును. తడిగుడ్డతో రుద్దినచో ఎరుపు కలిసిన గోధుమరంగున పారును. బల్లిరెట్టయు, ఈగచుక్కయు గట్టిగా పైకి నిలిచియుండును, ఇట్లు పారవు. దుప్పటిమీద చిన్న రక్తపు మరక రాత్రి ఒత్తిగిలినప్పుడు నలిగిన నల్లిది కావచ్చును. గోకిన పుండుదియు కావచ్చును. కనుక అదొక్కటే చాలదు.

చిక్కిన పురుగు నల్లియేనా యని కూడ చూడవలెను. పశువులను పట్టు పెరిగిన గోమారునకు ఎనిమిది కాళ్లు, నల్లికి ఆరు. బొద్దింక పిల్ల పొడవైన మీసములతో చురుకుగా పరుగెత్తును. నల్లి మీసములు పొట్టి. సందేహమున్నచో పురుగును చిన్న సీసాలో నుంచి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు గాని, వ్యవసాయాధికారికి గాని చూపింపుడు. పగలు ఏమియు చిక్కకున్నను అనుమానము తీరనిచో, రాత్రి రెండు మూడు గంటల వేళ ఒక్కసారిగా దీపము వేసి దుప్పటి యెత్తి చూడవలెను.

కనిపెట్టియుండుట

ఒకసారి చూచి లేవనుకొనుట చాలదు. గ్రుడ్లు పది దినములలోపున పిల్లలగునని ముందే చెప్పితిమి. నేడు పిల్లలు లేని మంచము పది దినములకు నిండియుండవచ్చును. కనుక వారమునకొకసారి, ఒకే దినమున, ఒకే క్రమమున చూచుట అలవాటు చేసికొనవలెను.

ఇందులో పెన్సిలు ఉపయోగము గలదు. పట్టెమీద నల్లచుక్కలున్న చోటికి చుట్టు గీచి, ప్రక్కన తేదీ వేయవలెను. వచ్చువారము చుట్టు వెలుపల క్రొత్త చుక్క కానవచ్చినచో నల్లి బ్రతికియున్నట్లు. చుట్టులోపలివి మాత్రమే యున్నచో అవి పాతవని యనుకొనవచ్చును. ఈ చిన్న ఉపాయము లేనందున, ఎన్నడో పోయిన నల్లుల మరకలు చూచి మరల మరల మందు చల్లుట జరుగుచున్నది.

రెండవ ఉపాయము మంచపుకోళ్ల క్రింద పళ్లెములు. చీమలకై పెద్దలు కోళ్లను నీటిపళ్లెములలో నుంచుట మనకు క్రొత్త కాదు. ఇతరదేశములలో నున్నని గోడలుగల గిన్నెలను కోళ్ల క్రింద నుంచి, అందు పడిన నల్లులను లెక్కించుచున్నారు. చలిదేశపు నల్లి ఆ నున్నని గోడను ఎక్కలేదు. కాని మన ఉష్ణదేశపు నల్లి అట్టి గిన్నెలనుండి ఎక్కిపోగలదని మలేషియాలోని శాస్త్రజ్ఞులతో కూడిన బృందమొకటి 2017లో ప్రకటించెను. జాతిభేదము తెలియవలెనని మేము మొదట చెప్పుటకు కారణమిదే. పరదేశమున చక్కగా పనిచేసిన వట్టిగిన్నె మన యింటిలో మోసము చేయవచ్చును. కనుక మన పళ్లెములో కొంచెము సబ్బు కలిపిన నీరు పోయవలెను. అందు పడిన నల్లి మునుగును. అయితే నిలువనీరు దోమకు పుట్టినిల్లు. మూడు దినములకొకసారి నీటిని పారబోసి, పళ్లెము తోమి, క్రొత్తనీరు పోయవలెను. మంచము గోడకు తగులరాదు. దుప్పటి నేలకు వ్రేలాడరాదు. లేకున్న నల్లి పళ్లెమును తప్పించుకొని వేరుదారిన వచ్చును. పళ్లెము పహరా మాత్రమే. దానితో మంచములోని నల్లులు నశింపవు.

ఇట్టి పహరాను పల్లెటూరివారు తమంత తామే కనుగొన్న దేశములున్నవి. ఐరోపాలోని బాల్కను ప్రాంతమున రాత్రి మంచము చుట్టును రాజ్మా ఆకులు పరచి, ఉదయమున వానికి తగుల్కొన్న నల్లులతో సహా కాల్చెడివారు. 1943లో అమెరికాకు చెందిన రిచర్డ్‌సన్ దీనిని గూర్చి వ్రాసెను. 2013లో కాలిఫోర్నియా పరిశోధకులు ఆ ఆకుమీది కొక్కెములవంటి సన్నని నూగు నల్లికాలిలో గ్రుచ్చుకొని దానిని బంధించుటను చూపిరి.

నేలమీద చాప వేసికొని పరుండువారికి పళ్లెము పనికిరాదు. వారు ఉదయముననే చాపను వెలుపల తెల్లగుడ్డమీద దులిపి చూచుట, తలాపున నున్న గోడపగుళ్లను మట్టితో పూడ్చి అలుకుట చేయవలెను. పూడ్చిన పగులు నల్లికి ఇల్లు కాదు. క్రొత్తగా అలికిన గోడమీద క్రొత్త చుక్క సులభముగా కనబడును కూడ.

కడపటి నల్లి కనిపించిన దినమునుండి రెండు నెలలు వారమువారము చూచినను ఏ క్రొత్త గురుతును లేనప్పుడే ఇల్లు శుభ్రపడినదని వ్రాయవలెను.

మూటతో వచ్చునది

కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల జనులు వానలు లేని యేట పనులు వెదకికొని హైదరాబాదునకు, బెంగుళూరునకు, మిరపకోతలకు గుంటూరు వైపునకు పోవుచుండుట మీకు తెలిసినదే. అచ్చట పలువురు ఒకే పాకలో పరుందురు. తిరిగి వచ్చునప్పుడు పక్కమూటలు బస్సులోను, లారీలోను ఇతరుల మూటలతో కలియును. గ్రుడ్లతోనున్న ఆడునల్లి ఒక్కటి ఒక మూటలో వచ్చినను ఒక యింటికి చాలును. కాని మూట తెచ్చినవారి తప్పేమి? వారు తెచ్చినది కష్టార్జితము. నల్లి పిలువని పేరంటము. పట్టణమునుండి కొన్న పాతమంచముతోను, పెండ్లికి అరువుతెచ్చిన పరుపులతోను, సెలవులకు వచ్చిన విద్యార్థి పెట్టెతోను అది అట్లే వచ్చును.

కావున పండుగలకు ఊరు చేరువారికి ఒక మాట తెలియజేయుడు. మూటను పడకగదిలో విప్పవలదు. పెరటిలో ఎండపట్టున విప్పి, చూడవలెను. ఉతుకదగిన బట్టలను సలసల క్రాగు నీటిలో నానవేయవలెను. ఉతుకరాని వానిని నల్లని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండ కట్టి, వేసవి మిట్టమధ్యాహ్నపుటెండలో నుంచవచ్చును. ఏబది డిగ్రీలకు మించిన వేడి లోపలిమడత వరకు చేరి గంటసేపు నిలిచినచో నల్లి గ్రుడ్లతో సహా చచ్చును. పలుచని బట్టలకు ఇది పనికివచ్చును; మందపాటి పరుపు నడుమకు ఆ వేడి చేరదు. మంచమును ఊరక ఎండలో వేసినచో నల్లి నీడవైపు సందులోనికి తిరిగికొనును. బెజ్జములలో క్రాగునీరు పోయుటయే మేలు. నల్లి చేసిన పనికి మంచము దెబ్బలు తినునని సుమతీశతకకారుడు చెప్పినట్లు, కఱ్ఱతో బాదిన కొన్ని రాలునుగాని గ్రుడ్లు రాలవు.

మందుల మాట

1953లో మనదేశమున జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభమై, ఊరూర ఇంటిగోడలకు డి.డి.టి. చల్లబడెను. తొలుత దోమలతోపాటు నల్లులును చచ్చెను, జనులు సంతోషించిరి. కొలదికాలమునకే నల్లులు ఆ మందును ఓర్చుకొనజొచ్చెను. 1947లోనే హవాయి దీవులలోని పెరల్ హార్బరున ఈ మార్పు కానవచ్చియుండెను. మందు తగిలిన నల్లి చావక, కలతపడి సందులనుండి వెలువడి తిరుగసాగెను. మందువలననే నల్లులు హెచ్చినవని తలచి, మనదేశమునను ఇతరదేశములలోను పలుచోట్ల గ్రామస్థులు మందు చల్లువారిని గడప దాటనీయరైరి. నల్లిమూలమున మలేరియా నివారణకే ఆటంకము కలిగెను. నేడు అంగళ్లలో దొరకు పైరిత్రాయిడు మందులను ఓర్చుకొను నల్లులును పలుచోట్ల కనబడినవి. మందు చల్లిన పిదపకూడ కనిపెట్టియుండవలెననుటకు ఇదియే కారణము. చల్లుట పని పూర్తియైనట్లు కాదు.

పొలముమందును ఏ పరిస్థితిలోను ఇంటిలో వాడరాదు. పొలములో అది గాలికి, ఎండకు విరుగును. మూసిన గదిలో పరుపునకు పట్టి దినముల తరబడి శ్వాసతోను చర్మముద్వారాను ఒంటికెక్కును. ధాన్యమునకు పురుగుపట్టకుండ వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు మరింత ప్రమాదకరములు. గాలిలోని తేమ తగిలినంతనే అవి ఫాస్ఫీను విషవాయువును విడుచును. దానికి విరుగుడు లేదు. ప్రక్కగదిలో పరున్నవారికిని అది ప్రాణాంతకము. కిరోసిను చల్లుట నిప్పును పిలుచుటయే. ఇంటివాడుకకని చీటీమీద వ్రాసియున్న మందును, నేర్పుగలవారు, సందులలో మాత్రమే, చీటీలోని కొలత ప్రకారము వాడవలెను. ఎవరికైనను తలతిరుగుట, వాంతి, చొంగ, ఊపిరాడకుండుట కలిగినచో వెలుపలి గాలికి తెచ్చి, 108కి ఫోనుచేసి, మందుడబ్బాతోసహా ఆసుపత్రికి చేర్చుడు.

పంచాయతీ చేయదగినవి

1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము గ్రామపారిశుద్ధ్యమును పంచాయతీ బాధ్యతలలో చేర్చినది. నల్లి ఒక యింటినుండి మరియొక యింటికి పోవునది గనుక ఇది ఒక్కొక్కరు విడివిడిగా తీర్చుకొనదగిన బాధ కాదు. మా సూచనలు ఇవి:

వార్డునకు ఇద్దరిని ఏర్పరచి, ఆశా కార్యకర్త సహాయముతో చూచు విధానమును నేర్పింపుడు. వసతిగృహము, అంగన్‌వాడీ, ఊరివారందరు అరువు తీసికొను పరుపుల కొట్టు – ఇట్టి ఉమ్మడి స్థలములను మొదట చూడుడు.

ఒక పుస్తకము పెట్టుడు. అందు తేదీ, ఇంటి నంబరు, గురుతు కనిపించిన చోటు, నాలుగు గురుతులలో ఏది, చేసిన పని, మరల చూచిన తేదీ ఉండవలెను. పేర్లు వ్రాయవలదు. ఆ పుస్తకమును గ్రామసభలో చదువవలదు.

ఈ కడపటి మాటను నొక్కి చెప్పుచున్నాము. నల్లి కులము చూడదు, వాడ చూడదు. మిద్దెలోను పాకలోను ఒకటే రక్తము త్రాగును. ఫలానా వాడనుండియే వచ్చినదని ఒక్క సభ్యుడు నోరుజారినచో, ఆనాటినుండి ఆ వాడవారు తలుపు తెరువరు. తెరువని తలుపు వెనుక నల్లులు పెరుగును. పొలముమందు డబ్బాయు విప్పబడును. సిగ్గుపడి దాచిన ఇల్లే ఊరికి అపాయకరము. కనుక మొదట సర్పంచి యింటినే చూపింపుడు, వార్డు సభ్యుల ఇండ్లు తరువాత. పెద్దల మంచమును తిరగవేసి చూచినారని ఊరెల్ల విన్నపిమ్మట, పేదవాని తలుపు తనంతట తానే తెరువబడును.

నీటి పథకమునకు లక్షలు కావలెను. బాటకు లక్షలు కావలెను. దీనికి కావలసినది దీపము, పెన్సిలు, వారమునకొక గంట. ఆ గంటను మీ ఊరికి ఇచ్చెదరని నమ్ముచున్నాము.